స్ట్రాన్షియం ఒక్కటే చూసి బసాల్ట్ పుట్టుక చెప్పొచ్చా?

మీరు ఒంగోలు నుంచి అడిగింది ఇది: చీమకుర్తి గెలాక్సీ రాయికీ రాజమండ్రి ట్రాప్ రాయికీ (దక్కన్ లావా గట్టిపడిన బసాల్ట్) స్ట్రాన్షియం ఐసోటోపులు కొలిస్తే, ఆ లావా మ్యాంటిల్ (భూపటలం కింది పొర) నుంచి నేరుగా వచ్చిందో, దారిలో భూపటలాన్ని కరిగించుకుందో తేలుతుందా అని. ఒక్క స్ట్రాన్షియంతో తేలదండీ, నియోడిమియం కూడా కావాలి.

చీమకుర్తి రాయిని పక్కన పెట్టండి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి, లోతులో నెమ్మదిగా గట్టిపడింది. దక్కన్ లావాలకంటే ఎంతో పాతది. పంగిడి, కాతేరు క్వారీల రాజమండ్రి ట్రాప్ రాయి తీసుకోండి.

పని చెడేది ఎక్కువగా రాయి దగ్గరే. పైతోలు కొట్టేసి, లోపలి రాయిని శనగగింజంత ముక్కలు చేసి, బైనాక్యులర్ మైక్రోస్కోపు కింద తెల్లచుక్క (కాల్సైట్, జియోలైట్), రంపం గీత, సుత్తి ఇనుము మరక ఉన్న ప్రతి ముక్కా ఏరిపారేయండి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏ యంత్రమూ ఆదుకోదు. పొడి అగేట్ మిల్లులోనే చేయండి. 100 మిల్లీగ్రాముల పొడిని వేడి 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో లీచ్ చేసి (మార్పు చెందిన భాగాన్ని కరిగించి తీసేసి), కడిగి, హైడ్రోఫ్లోరిక్-నైట్రిక్‌లో మూసిన టెఫ్లాన్ బీకర్‌లో 140 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచండి. ఆరబెట్టాక తెల్లటి ఫ్లోరైడ్ మిగిలితే 6 నార్మల్ హైడ్రోక్లోరిక్‌లో మళ్ళీ కరిగించాలి. కాల్షియం గ్లూకోనేట్ జెల్ (ఆ యాసిడ్ కాలిన గాయాలకు పూసే మందు) చేతికందేచోట లేకుండా హైడ్రోఫ్లోరిక్ సీసా మూత తియ్యొద్దు. రుబీడియం, స్ట్రాన్షియం పరిమాణాలు మాత్రం లీచ్ చేయని పొడిలో కొలవండి. లీచింగ్‌తో వాటి నిష్పత్తి మారిపోతుంది.

వయసు దిద్దుబాటు, అంటే రుబీడియం-87 క్రమంగా స్ట్రాన్షియం-87గా మారడంతో పెరిగినదాన్ని స్ట్రాన్షియం 87/86 నిష్పత్తి నుంచి తీసేయడం, చిన్నదే. రుబీడియం 10, స్ట్రాన్షియం 200 పీపీఎం ఉంటే 6.6 కోట్ల ఏళ్ళకు తీసేయాల్సింది 0.00013.

ఇక చదవడం. స్ట్రాన్షియం నిష్పత్తి పెరిగి నియోడిమియం 143/144 నిష్పత్తి కదలకపోతే అది నీటివల్ల వచ్చిన మార్పు, ఎందుకంటే సముద్రపు నీటిలో నియోడిమియం దాదాపు ఉండదు. స్ట్రాన్షియం నిష్పత్తి పెరుగుతూ ఎప్సిలాన్ నియోడిమియం (నియోడిమియం నిష్పత్తి ఉల్కల సగటు కంటే ఎంత తేడానో పదివేలలో చెప్పే అంకె) పడిపోతుంటే భూపటలం కలిసిందని అనుమానించాలి. దక్కన్‌లో, పడమటి కనుమల లావా పొరల్లో, అంబెనళి లావాల స్ట్రాన్షియం నిష్పత్తి 0.704 దగ్గర, ఎప్సిలాన్ ధనాత్మకం. అక్కడి మరో పొర బుషే లావాలు 0.713 దాటి, ఎప్సిలాన్ మైనస్ 10 కిందికి. మెగ్నీషియం ఎక్కువున్న లావా కల్తీలేనిదని అనుకోకండి: బుషేలో వేడెక్కువగా ఉన్న లావాలే భూపటలాన్ని ఎక్కువ కరిగించుకున్నాయి.

ప్రతి బ్యాచ్‌లో ఒక ఖాళీ బీకరూ, బీసీఆర్-2 పొడీ (విలువలు ముందే తెలిసిన ప్రామాణిక బసాల్ట్) మొదటి యాసిడ్ నుంచీ మీ రాళ్ళతోపాటే నడపండి. యంత్రం (మాస్ స్పెక్ట్రోమీటర్) మీద ఎన్‌బీఎస్ 987 అనే ప్రామాణిక స్ట్రాన్షియం విలువ 0.71025 దగ్గర రాకపోతే ఆ రోజు రీడింగులు వాడొద్దు.