కొత్తది కొనేముందు పాతదాన్ని విప్పించు

చిరంజీవి చిన్నీకి అత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ లాప్‌టాప్ ఆగిపోయిందట. అమీర్‌పేటలో ఎవరో చూసి, మదర్‌బోర్డు పోయింది, పద్దెనిమిది వేలవుతుంది అన్నారట. అంత పోసే బదులు పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, తొంభై వేలది ఈఎంఐలో తీసుకుంటానని, శనివారమే వెళ్తున్నానని నువ్వు అన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. సబ్‌టైటిళ్ల పని నీ అంతట నువ్వే వెతుక్కున్నావని, హాస్టల్ ఫీజు నువ్వే కట్టుకుంటున్నావని కూడా అదే ఫోన్‌లో చెప్పాడు. మీ మామయ్య పొద్దున్నే పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి వాళ్ల దాకా అందరికీ ఆ మాట చెప్పి వచ్చారు. నా సంతోషం నీకు వేరే చెప్పాలా? నేను ముప్పై ఏళ్లు తెలుగు అక్షరం టైపు చేసి బతికాను. మా ఇంటి పిల్ల కూడా ఆ అక్షరంతోనే సంపాదించుకుంటోందంటే ఇంకేం కావాలి.

అందుకే, శనివారం వెళ్లకు. ఓ వారం ఆగు.

లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. అంతేగా? ఛార్జర్ తీసేసి పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకో, తర్వాత మళ్లీ ఆన్ చెయ్యి. క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతోందేమో చూడు. గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్ స్క్రీన్ మీద ఏటవాలుగా వేసి చూడు. బొమ్మ మసగ్గా కనపడితే పోయింది స్క్రీన్ వెనక వెలిగే బ్యాక్‌లైట్ అన్నమాట. హాస్టల్ టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడు. టీవీలో బొమ్మ వస్తే బోర్డు పనిచేస్తున్నట్టే, స్క్రీనో దాని కేబులో మార్చుకుంటే సరిపోతుంది.

ఇవేవీ చూడకుండా బోర్డు పోయిందని ఎవరైనా ఎలా చెప్తారు? ఫ్యాన్ తిరిగినంత మాత్రాన బోర్డు బాగున్నట్టు కాదు, నిజమే. కానీ ర్యామ్, అదే మెమరీ ముక్క, సరిగ్గా కూర్చోకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. వెనక మూత విప్పి, ర్యామ్ తీసి, శుభ్రం చేసి మళ్లీ పెట్టి చూశారా అని అడిగావా? అడిగి ఉండవు. వాళ్లేదో చెప్పారు, నువ్వు తలూపి వచ్చేశావు. చదువుకున్న పిల్లవి, నాలుగు ప్రశ్నలు వేయడానికి ఏమొచ్చిందమ్మా?

కోప్పడుతున్నానని అనుకోకు. తలూపి రావడం వల్ల ఏం జరుగుతుందో మా ఇంట్లో చూశాను.

2008 సంగతి. చిక్కడపల్లిలో మన డీటీపీ సెంటర్ నీకు లీలగా గుర్తుండాలి. పేజీలు కట్టడానికి పేజీమేకర్, తెలుగు టైపుకి అను ఫాంట్లు, గోడవారగా రెండు కంప్యూటర్లు. రిటైరైన తెలుగు మాస్టారొకాయన నల్గొండ వైపు ఊళ్లన్నీ తిరిగి ఆడవాళ్ల పాటలు సేకరించారు. మూడు వందల పేజీల పుస్తకం. రెండు ప్రూఫులు అయిపోయాయి. ముందుమాట మాత్రం ఆయన కాగితం మీద రాయలేదు. రోజూ సాయంత్రం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. ఫలానా ఊళ్లో ఫలానా ముసలమ్మ వరి నాట్లు వేస్తూ పాడిందని, ఆమె గొంతు ఎలా ఉండేదో చెబుతూ మధ్యలో ఆగిపోయేవారు.

అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. నీలం తెర వచ్చి ఆగిపోయేది. నేను పెళ్లికని ఊరెళ్లాను. మీ మామయ్య సీపీయూని స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని ఒక షాపుకి తీసుకెళ్లారు. విండోస్ పాడైంది, కొత్తగా వేస్తే సాయంత్రానికి ఇచ్చేస్తానన్నాడు షాపతను. ఈయన సరే అన్నారు. డేటా ఏమైనా ఉందా అని అతను అడగలేదు, ఉందని ఈయన చెప్పలేదు. అతను సీ, డీ డ్రైవులు రెండూ తుడిచేసి, కలిపి ఒకటే చేసి, ఎక్స్‌పీ వేసి ఇచ్చాడు.

మర్నాడు మళ్లీ అదే నీలం తెర.

అప్పుడు మా వీధిలోనే ఉన్న ఇంకో మెకానిక్‌ని పిలిస్తే, అతను ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, తుడిచి, మళ్లీ నొక్కి పెట్టాడు. ఆ తర్వాత ఆ కంప్యూటర్ ఇంకా కొన్నేళ్లు నడిచింది. రబ్బరుతో పోయే జబ్బుకి పుస్తకమంతా పోగొట్టుకున్నాం.

డేటా తీస్తామనే చోటికి హార్డ్‌డిస్క్ పట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు దొరికిన ముక్కల్ని తెర మీద చూపించి, అన్నీ పిచ్చి గుర్తులే ఆంటీ, ఏమీ పనికిరాదు, మూసేస్తున్నా అన్నాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రోజుల్లో అను ఫాంటు లేని కంప్యూటర్‌లో మన తెలుగు అలాగే కనపడేది, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల్లా. ఫాంటు వేసి చూస్తే పాటలు బయటపడ్డాయి, కానీ తెగిపోయి, ముందూ వెనకా లేకుండా. మిగతావన్నీ ఎర్ర ఇంకు దిద్దుబాట్లున్న ప్రూఫు కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ టైపు చేశాను. రాత్రి షట్టరు సగం దించి మీ మామయ్య పక్కన కూర్చుని చదివేవారు, నేను కొట్టేదాన్ని. ఆయన గొంతు పోయేది, అయినా ఆపేవారు కాదు. నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు, అనాల్సిన అవసరమే రాలేదు.

ముందుమాట మాత్రం దొరకలేదు. మాస్టారు పెద్దమనసుతో మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చుని చెప్పారు. రెండు రోజుల్లో అయిపోయింది. బాగానే ఉంది. లేచి వెళ్తూ, మొదటిది ఇలా లేదు కదమ్మా అన్నారు. లేదు. నాకు తెలుసు.

అందుకే నీ లాప్‌టాప్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తావనగానే నా గుండె ఆగినంత పనైంది. డిస్క్ లోపలే ఉంచి ఇస్తావా? నీ కాలేజీ ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు, సగంలో ఉన్న పని, అమ్మమ్మతో మాట్లాడిన వీడియోలు, అన్నీ అందులోనే ఉన్నాయి కదా? పైగా ఆన్ కాని లాప్‌టాప్‌కి వాళ్లిచ్చేది ఎంతో ఉండదు.

నీది 2020లో కాలేజీ ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నది, లోపల ఫైళ్లు దాచే డిస్క్ ఎస్‌ఎస్‌డీ. చాలా లాప్‌టాప్‌లలో అది వేలెడంత పొడుగున్న చిన్న పలక, ఒక్క స్క్రూతో వస్తుంది. కొన్ని సన్నటి మోడళ్లలో బోర్డుకే అతికించి ఉంటుంది, ఆ సంగతి ముందే తెలుసుకో. విడిగా ఉంటే తీయించి, ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో పెడితే పెన్‌డ్రైవ్‌లా ఇంకో కంప్యూటర్‌కి పెట్టుకోవచ్చు. డిస్క్‌కి విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం ఉంటే నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడుగుతుంది. బోర్డు మార్చినా అడుగుతుంది. ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ కీ ఉందేమో ఈ రోజే చూసి కాగితం మీద రాసుకో. ఎస్‌ఎస్‌డీలో చెరిగిపోయినదాన్ని వెనక్కి తీయడం పాత హార్డ్‌డిస్క్ కన్నా కష్టం. అప్పుడు మాకు దొరికిన ఆ నాలుగు ముక్కలు కూడా ఇప్పుడు దొరక్కపోవచ్చు.

షాపులో ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద సీరియల్ నంబరుతో పాటు "డేటా కావాలి, ఫార్మాట్ చేయకూడదు" అని నీ ఎదురుగా రాయించు. ఎస్‌ఎస్‌డీ విడిగా వచ్చేదైతే తీసి నీ దగ్గరే ఉంచుకో. డిస్‌ప్లే రావడం లేదన్న కంప్లైంట్ చూడటానికి వాళ్లకి అది అక్కర్లేదు.

ఇక బాగు చేయించాలా, కొనాలా అన్నది. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమంటారు. మంచి లెక్కే, కానీ దేని ధరలో సగం? నువ్వు తొంభై వేలదాన్ని మనసులో పెట్టుకుంటే ఏ రిపేరైనా చవగ్గానే కనపడుతుంది. షోరూములోని మెరుపు చూస్తే ఏ పాతదైనా చెత్తగానే కనపడుతుంది. నీ పని చేసిపెట్టే లాప్‌టాప్ ఎంతకి వస్తుందో కనుక్కుని దానితో పోల్చు. సబ్‌టైటిళ్లకి వీడియో ఆడాలి, తెలుగు టైపవ్వాలి, నెట్ ఉండాలి. నీ పదో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్‌కి అవన్నీ బాగానే వచ్చు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, కానీ ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి విండోస్ 11 నడుస్తుంది కాబట్టి నీ దాంట్లోనూ అది నడుస్తుంది. ర్యామ్ ధరలు 2025 చివర్నుంచి బాగా పెరిగాయి, కొత్త లాప్‌టాప్ కొనడానికి ఇదేమంత మంచి సమయం కాదు. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ, ర్యామ్, మడత దగ్గర విరగడం, వీటిలో ఏదైనా నీ లాప్‌టాప్‌ని బాగు చేయించుకోమనే అంటాను.

ఒక్క విషయంలో మాత్రం వద్దంటాను. నిజం చెప్పు, దాని మీద టీ గానీ నీళ్లు గానీ ఒలికాయా? మీ నాన్నకి చెప్పకపోతే పోనీ, షాపువాళ్ల దగ్గర దాచకు. చక్కెర వేసిన టీ బోర్డు మీద ఎండి మెల్లగా తినేస్తూ ఉంటుంది. ఈ రోజు ఒక చోట బాగు చేస్తే రేపు ఇంకోచోట పోతుంది. అలాంటి బోర్డు మీద పద్దెనిమిది వేలు పోయకు. బోర్డుకి వేడి పెట్టి లేపుతామన్నా ఒప్పుకోకు, అవి చాలావరకు కొద్ది రోజులకే మళ్లీ పడుకుంటాయి. అప్పుడు డేటా తీసుకుని కొనేసెయ్, రమ్మంటే నేనూ వస్తాను.

బ్యాటరీ ఒకసారి చూడు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుందా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోవడం లేదా? ఉబ్బిందంటే ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకు, నొక్కకు, గుచ్చకు. నువ్వు దాన్ని పరుపు మీద ఛార్జింగ్‌లో పెట్టి నిద్రపోతావని నాకు తెలుసు. హాస్టల్‌లో ఒక గదిలో నలుగురు పడుకుంటారు చిన్నీ. ఈ ఒక్కటి మాత్రం నా కోసం మానెయ్.

ఇంకో అభిప్రాయం కోసం సికింద్రాబాద్ వెళ్లు. మెట్రోలో ప్యారడైజ్ దగ్గర దిగి పార్క్‌లేన్ వైపు వెళ్తే సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంతా కంప్యూటర్ షాపులే. పని రోజున పొద్దున్నే వెళ్లు. కింద బయట నిలబడి పిలిచేవాళ్ల వెంట వెళ్లకు. చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న భాగాల్ని మార్చే పని, అక్కడే కూర్చుని చేసే షాపు చూసుకో, మైక్రోస్కోప్, సోల్డరింగ్ స్టేషన్ నీ కళ్లకి కనపడాలి. విప్పే ముందే చెకింగ్ ఛార్జీ ఎంతో అడుగు. బోర్డు పోయిందంటే ఎక్కడ, ఏ భాగం షార్టయిందో చూపించమను. తెలిసినవాడు మీటర్ పెట్టి సంతోషంగా చూపిస్తాడు. మార్చిన పాత భాగం వెనక్కి తీసుకో, వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించు. ఒక్కదానివే వెళ్లకు, స్నేహితురాల్ని తీసుకెళ్లు. ఇద్దరుంటే తలూపడానికి కాస్త ఆలోచిస్తారు.

ఈఎంఐ గురించి కూడా చెప్పాలి. నీ డబ్బు నెలనెలా ఒకేలా రాదు. ఒక నెల మూడు ఎపిసోడ్లు, ఒక నెల ఏమీ ఉండదు. కిస్తీ మాత్రం తేదీకి వచ్చి కూర్చుంటుంది. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కార్డు బిల్లులో పడతాయి. కిస్తీ భయంతో నచ్చని పని, తక్కువ డబ్బుకి ఒప్పుకుంటావేమోనని నా బాధ. ఇప్పుడిప్పుడే నీ రేటు నువ్వు చెప్పడం నేర్చుకుంటున్నావు.

కొనక తప్పకపోతే, ఆఫీసుల నుంచి వచ్చి, బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ బిజినెస్ లాప్‌టాప్ బిల్లూ వారంటీ ఉన్నది చూద్దాం. బ్యాటరీ రిపోర్టు తీయించి, మొదటి కెపాసిటీ ఎంత, ఇప్పుడు ఎంత మిగిలిందో చూసే డబ్బులివ్వాలి. తక్కువ పడితే నా దగ్గర తీసుకో, వీలైనప్పుడు ఇద్దువు గానీ. మీ నాన్నకి తెలియనివ్వక్కర్లేదు. అంతవరకు పని ఆగకుండా నా లాప్‌టాప్ వాడుకో, పాతదే కానీ తెలుగు టైపింగ్‌కి ఢోకా లేదు. బుధవారం మామయ్య అటువైపు బ్యాంకు పని మీద వస్తున్నారు, ఇచ్చి పంపుతాను. వాడే ముందు నీ ఫైళ్లకి వేరే ఫోల్డర్ పెట్టుకుని, రోజూ రాత్రి గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ వెయ్యి. రికవరీ కీ దొరికిందో లేదో మాత్రం ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు, పది దాటినా ఫర్వాలేదు, మేలుకునే ఉంటాను.

నీ
అత్త