వీలునామా సరిపోతుందా, ట్రస్టు పెట్టాలా?

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 66 ఏళ్లు, రిటైర్డ్ టీచర్‌ని. ఇల్లు నా పేరిట, నా భార్య పేరిట కలిపి ఉంది. దామలచెరువు దగ్గర మా నాన్న నుంచి వచ్చిన రెండెకరాల మామిడితోట ఉంది. బ్యాంకులో 14 లక్షల ఎఫ్‌డీలున్నాయి. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి చిత్తూరులో ఉంటారు. ఫ్యామిలీ ట్రస్టు (కుటుంబం కోసం ఆస్తిని ట్రస్టీల చేతికి అప్పగించే ఏర్పాటు) పెడితే పన్ను పడదు, గొడవలూ రావని తెలిసినాయన ఒకరు చెప్పారు. ఫీజు లక్షన్నర అట. వీలునామాకు ఎంతవుతుంది? ఇంటిని ఇప్పుడే పిల్లలకు గిఫ్ట్ రాసేస్తే మేలా?

జవాబు: మాస్టారూ, ఆ లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి. మన దేశంలో వారసత్వపు పన్ను 1985లోనే పోయింది. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తికి మీ పిల్లలు ఆదాయపు పన్ను కట్టనక్కర్లేదు. తర్వాత అమ్ముకుంటే ఆ లాభం మీద పడుతుంది, అంతే. మరి ట్రస్టు తప్పించే పన్ను ఏమిటో ఆయన్నే అడగండి. పైగా ఆ ఫీజుతో ఖర్చు ఆగదు. ఇల్లూ తోటా ట్రస్టులోకి వెళ్లాలంటే రిజిస్టర్డ్ దస్తావేజు, స్టాంపు డ్యూటీ, ట్రస్టుకు వేరే పాన్, ఏటా రిటర్ను, ఆడిటర్ ఫీజు అన్నీ ఉంటాయి. తన డబ్బు తాను చూసుకోలేని బిడ్డ ఉన్న ఇంట్లో అయితే ట్రస్టు పెట్టమని నేనే చెబుతాను. మీకా అవసరం కనబడటం లేదు.

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం చాలు. మీరు సంతకం చేస్తుండగా చూసి సంతకాలు పెట్టే సాక్షులు ఇద్దరుండాలి. వాళ్లు మీకంటే చిన్నవాళ్లైతే మంచిది, ఆస్తి పొందేవాళ్లు మాత్రం వద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించండి. పిల్లలు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే పత్రం) తీస్తే బయటపడుతుందేమోనని చాలామందికి టెన్షన్. వీలునామాలను వేరే పుస్తకంలో రాస్తారు, మీరున్నంతకాలం నకలు మీకు తప్ప ఇంకొకరికి ఇవ్వరు. అసలు ఖర్చల్లా రాసిపెట్టే వకీలు ఫీజే. ఆస్తి విలువలో ఇంత శాతం అన్నారంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

నాకు అనుమానమల్లా తోట మీదే. "నాన్న నుంచి వచ్చింది" అన్నారు, ఎలా వచ్చింది? ఆయన సొంతంగా కొని, వీలునామా రాయకుండా పోయి ఉంటే మీ వాటా మీ స్వార్జితం లాంటిదే, ఎవరికైనా రాసుకోవచ్చు. కానీ అప్పుడు మీ తోబుట్టువులకూ సమాన హక్కుంటుంది. అక్కచెల్లెళ్లు ఉండి, వాళ్ల సంతకాలు లేకుండానే తోట మీ పేరు మీదికి వచ్చి ఉంటే, ముందు వాళ్లతో హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవాలి. మీరు డబ్బు పెట్టాల్సిన చోటు అదీ. అలా కాక, అది తాతల ఆస్తి పంపకాల్లో మీ భాగానికి వచ్చిందైతే మీ పిల్లలిద్దరికీ పుట్టుకతోనే వాటా ఉంటుంది. అమ్మాయికి పెళ్లయినా సరే. మీరు రాయగలిగేది మీ వాటా వరకే. తోట పట్టాదారు పాస్ పుస్తకంలో మీ ఒక్కరి పేరే ఉన్నంత మాత్రాన ఇది తేలదు.

ఇంటి విషయంలోనూ అంతే, మీ వీలునామా మీ సగానికే చెల్లుతుంది. అమ్మగారు తన సగానికి విడిగా రాయాలి. ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద రాయకండి, ఒకరు పోయాక రెండోవారు మార్చాలంటే చిక్కు.

ఎఫ్‌డీలకు 2025 నవంబర్ నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకుంటాడు గానీ, అది చివరికి ఎవరిదన్నది వీలునామాను బట్టే. అందుకని ఎఫ్‌డీలనూ అందులో రాయండి, నామినీల పేర్లూ అవే ఉంచండి.

ఇక గిఫ్ట్ మాట. దానికి ప్రభుత్వ మార్కెట్ విలువను బట్టి స్టాంపు డ్యూటీ ఇప్పుడే కట్టాలి. ఒకసారి రిజిస్టర్ అయ్యాక మనసు మారితే వెనక్కి రాదు. మిమ్మల్ని చూసుకోవాలన్న షరతుతో రాసి, వాళ్లు చూడకపోతే 2007 నాటి వృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర రద్దు కోరవచ్చు. కన్నబిడ్డల మీద ఆ ఆఫీసు మెట్లెక్కడం మాత్రం ఎవరికి ఇష్టం? ఇల్లు మీ ఇద్దరి పేరిటే ఉండనివ్వండి. వీలునామానైతే ఎన్నిసార్లైనా తిరగరాయవచ్చు.

ఈ వారంలోనే తోట పాత దస్తావేజులు, నాన్నగారి పేరిట తీసిన ఈసీ చేతికి తెచ్చుకోండి. వకీలుతో ఫీజు సంగతి అవి చూపించాకే మాట్లాడండి.