పేర్లు తర్వాత, ముందు నొప్పి ఎక్కడో అడగండి

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. బడిలో వంతెనల మీద ప్రాజెక్టు ఇస్తే ఆరు రకాల బొమ్మలు ప్రింటు తీసి, కింద పేర్లు రాసి చార్టు మీద అంటించాం. అంతా అయ్యాక "ఇన్ని రకాలు ఎందుకమ్మా, ఒకటే రకం కట్టుకోవచ్చుగా?" అన్నాడు. నేను చదివింది కామర్స్. వాడికి ఎలా చెప్పాలండీ?
– ఒక తల్లి

జవాబు: మీవాడు అడిగిందే అసలు ప్రశ్న అమ్మా. చార్టు కాసేపు పక్కన పెట్టండి.

ముప్పయ్యేళ్లు వంతెనల పనిలో ఉన్నాను. రిటైరైన కొత్తలో ఒక బడికి పిలిస్తే బోర్డు నిండా బాణాలు గీసి కంప్రెషన్, టెన్షన్ అంటూ గంటసేపు దంచాను. టెన్షన్ అంటే పరీక్షల ముందు వచ్చేదే వాళ్లకు తెలుసు! చివర్లో వెనక బెంచీ పాప లేచి "తాతగారూ, ఇంతకీ బ్రిడ్జికి నొప్పి ఎక్కడ పుడుతుంది?" అంది. క్లాసంతా నవ్వింది. గంటసేపూ నేను చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కేనని నాకు అప్పుడు తట్టింది.

ఒక పొడవాటి స్పాంజి తీసుకుని, పక్క భాగం మీద దగ్గరదగ్గరగా నిలువు గీతలు గీయమనండి. రెండు పుస్తకాల మీద వంతెనలా పెట్టి నడుమ వేలితో నొక్కమనండి. పైన గీతలు దగ్గరికొస్తాయి, కింద దూరం జరుగుతాయి. అంటే దూలానికి పైన నొక్కుడు, కింద లాగుడు. నేను బోర్డు మీద దంచిన కంప్రెషన్, టెన్షన్ ఇవే. కాంక్రీటు నొక్కితే బాగా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం అందులో సుమారు పదో వంతు బలానికే పగులుతుంది. అందుకే ఇలాంటి దూలాలకు అడుగున ఇనుప కడ్డీలు ఎక్కువ వేస్తాం. ఇక్కడ తొందరపడకండి, వాడికి విసుగొచ్చేదాకా నొక్కనివ్వండి.

ఇప్పుడు మీవాడి ప్రశ్నకు వద్దాం. దూరం పెరిగేకొద్దీ దూలం తన బరువు తానే మోయలేక చతికిలబడుతుంది. నడుమ స్తంభాలు వేయవచ్చు. కానీ కింద లోయో, లోతైన సముద్రమో ఉంటే? అప్పుడు బరువునంతా నొక్కుడుగా మార్చాలి, లేదంటే లాగుడుగా మార్చాలి.

నొక్కుడుగా మారిస్తే కమాను. మీరిద్దరూ ఎదురెదురుగా నిలబడి అరచేతులు ఆనించి, పాదాలు వెనక్కి జరుపుతూ ఒకరి మీద ఒకరు వాలండి. నున్నటి నేల మీద సాక్సులతో అయితే పాదాలు జారతాయి. కమానుకు రెండు చివర్లా గట్టి ఆధారం ఎందుకు కావాలో వాడే చెప్తాడు. చీనాబ్ నది మీది రైలు వంతెన కమాను 467 మీటర్లు. దాని పాదాలు జారకుండా పట్టుకున్నది ఆ కొండలే.

లాగుడుగా మారిస్తే సస్పెన్షన్ బ్రిడ్జి. రెండు కుర్చీల వీపుల మీదుగా తాడు వేసి నడుమ సంచీ తగిలించండి. కుర్చీలు లోపలికి వాలతాయి. తాడు కొసలు వెనక్కి తీసుకెళ్లి బరువైన పుస్తకాల కట్టలకు కడితే నిలబడతాయి. జపాన్‌లో 1998లో తెరిచిన అకాషీ కైక్యో వంతెనకు రెండు టవర్ల మధ్య దూరం 1991 మీటర్లు. దాని కేబుళ్ల కొసల్నీ ఇలాగే పెద్ద కాంక్రీటు దిమ్మలు పట్టుకుని ఉంటాయి.

నాకు బాగా ఇష్టమైంది మాత్రం కాంటిలీవర్, అంటే ఒక చివరే ఆధారం ఉండి రెండో చివర గాల్లోకి చాచిన దూలం. స్కాట్లాండులో ఫోర్త్ రైలు వంతెన కడుతున్నప్పుడు ఇంజనీరు బెంజమిన్ బేకర్ 1887లో దాన్ని మనుషులతోనే చేసి చూపించాడు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు రెండు పక్కలకూ చాచారు. వాళ్ల చేతుల నుంచి కుర్చీల దాకా ఏటవాలు కర్రలు. బయటి చేతులకు ఇటుకల బరువు. లోపలి చేతుల మధ్య వేలాడే పలక మీద కైచి వతనబే అనే జపాన్ ఇంజనీరు కూర్చున్నాడు. చేతులు లాగుతాయి, కర్రలు నొక్కుతాయి. 1890లో పూర్తయిన అసలు వంతెనలో ఒక్కో ప్రధాన స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) 521 మీటర్లు. ఇంట్లో చేసేటప్పుడు నడుమ పిల్లాణ్ని కాదు, బొమ్మను కూర్చోబెట్టండి. అయినా చేతులు నొప్పెడతాయి. నొప్పెట్టాలి కూడా.

ట్రస్, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రం. దాని సంగతి రెండు నిమిషాల పని. నాలుగు పుల్లల చదరాన్ని తోస్తే పక్కకు వాలుతుంది, మూడు పుల్లల త్రికోణం వాలదు. అంతే.

ప్రశ్న: టకోమా వంతెన ఊగిపోయి కూలే వీడియో మనవరాలికి చూపించాను. ఇప్పుడు ఏ వంతెన ఎక్కినా కళ్లు మూసుకుంటోంది. చూపించడం తప్పా?
– ఒక తాతయ్య

జవాబు: చూపించడం తప్పు కాదండీ, సగంలో ఆపడం తప్పు. అమెరికాలోని ఆ వంతెన 1940 జులై 1న తెరిచారు, నవంబర్ 7న కూలింది. 853 మీటర్ల స్పాన్‌కు పక్కల్లో ఉన్నవి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తు పలకలే. అవీ గాలి దూరే సందు లేనివి. చాలామంది దీన్ని అనునాదం (గాలి ఊపు వంతెన సొంత ఊపుతో కలిసి పెరగడం) అని రాసేస్తారు, అంత సులువు కాదు. వంతెన మెలితిరిగేకొద్దీ ఆ మెలికే గాలి నుంచి మరింత బలం గుంజుకుంది.

పాపతో సన్నటి కాగితం పట్టీని రెండు కొసలా పట్టించి ఫ్యాను ముందు నిలబెట్టండి. రెపరెపలాడుతుంది. పొడవునా రెండు అంచులూ మడిచి మళ్లీ పట్టుకోమనండి. పట్టీ గట్టిపడి ఊపు తగ్గుతుంది. 1950లో అదే చోట కట్టిన వంతెనకు సుమారు పది మీటర్ల లోతున్న ట్రస్సులు పెట్టారు, గాలి వాటిలోంచి దూరిపోతుంది. దాని మీద ఇప్పటికీ బండ్లు నడుస్తున్నాయి. అన్నట్టు, ఆ రోజు కారులో చిక్కుకుపోయిన కుక్క సంగతి మాత్రం పాపకు చెప్పకండి.

ఆ తర్వాత ఫుట్‌పాత్ ఉన్న ఏదైనా వంతెన మీదికి నడిపించి తీసుకెళ్లి, రెయిలింగు మీద చెయ్యి వేయించండి. లారీ వెళ్లినప్పుడు సన్నగా అదురు తగులుతుంది. "పడిపోతోందా తాతయ్యా?" అంటే, లేదమ్మా, అంత కదలిక లెక్కలో పెట్టుకునే కడతారు అని చెప్పండి. తర్వాత వచ్చే లారీకి ఎంత అదురుతుందో ముందే చెప్పమనండి.