ఉద్యోగం ఉండగానే తీసుకోవలసిన పాలసీలు

ప్రశ్న: నా వయసు 38. గచ్చిబౌలిలోని ఒక ఐటీ సంస్థలో పని చేస్తున్నాను. నెలకు 1.25 లక్షలు చేతికి వస్తాయి. మావారికి మూసాపేటలో ఫర్నిచర్ దుకాణం ఉంది, ఖర్చులు పోను నెలకు 40 వేలు మిగులుతాయి. కూకట్‌పల్లిలోని ఫ్లాటు మీద ఇంకా 44 లక్షల గృహరుణం ఉంది, నెల వాయిదా 41,500. ఇంటి ఖర్చులు, ఇద్దరు పిల్లల ఫీజులు కలిపి 47 వేలు. మధుమేహం ఉన్న 66 ఏళ్ల అత్తగారు మాతోనే ఉంటారు. కంపెనీ ఇచ్చిన 5 లక్షల ఆరోగ్య బీమాలో ఆవిడ పేరు కూడా ఉంది. పొదుపు, జీవిత బీమా కలిసిన మూడు ఎండోమెంట్ పాలసీలకు ఏటా 84 వేలు కడుతున్నాం, మూడింటి బీమా మొత్తం 12 లక్షలు. సహకార బ్యాంకులో 3.2 లక్షల డిపాజిట్ ఉంది. మా సంస్థలో ఉద్యోగులను తీసేస్తున్నారు. ఏటా లక్ష కడితే మాంద్యంలోనూ రక్షణ ఇచ్చే పాలసీ ఉందని ఏజెంటు అంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీరు రాసిన వివరాలను బట్టి అది మీకు నాలుగో ఎండోమెంట్ పాలసీ అవుతుంది. ఉద్యోగం పోయే భయం ఉన్న ఇంట్లో ఏటా లక్ష రూపాయల కొత్త కట్టుబాటు పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

ముందు ఈ లెక్క చూడండి. మీ ఇంటికి నెలకు 88,500 కావాలి. మీ జీతం ఆగిపోతే మీవారి 40 వేలు పోను నెలకు 48,500 తక్కువ పడుతుంది. చేతిలో ఉన్న 3.2 లక్షలు ఆరు నెలలకు కాస్త పైగా వస్తాయి. మాంద్యంలో దుకాణంలో అమ్మకాలు కూడా తగ్గుతాయి కాబట్టి నాలుగు నెలలే అనుకోండి. ఆ నాలుగు నెలల్లో మిమ్మల్ని నడిపించేది ఆ డిపాజిట్టే, ఏ పాలసీ కాదు. అయితే అదే సమయంలో అత్తగారికి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో 3 లక్షల బిల్లు అయితే ఒక్క వారంలో ఆ డిపాజిట్ ఖాళీ అవుతుంది. బీమా ఆపవలసింది దాన్ని. జీతం లేని రోజుల కోసం దాచుకున్న డబ్బు జబ్బుకో ప్రమాదానికో కరిగిపోకుండా చూడటమే మాంద్యంలో బీమా చేయగలిగిన పని.

మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కంపెనీ ఆరోగ్య బీమా. మీరు ఆ సంస్థ ఉద్యోగిగా ఉన్నంత కాలమే అది ఉంటుంది. ఉద్యోగం పోయిన రోజున జీతమూ ఆరోగ్య బీమా రెండూ ఒకేసారి పోతాయి. సంస్థను వదిలేటప్పుడు అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది, అప్పుడు సంస్థ ఇచ్చిన గ్రూపు పాలసీలో గడిచిన కాలం కూడా పాత జబ్బులకు వేచి ఉండే గడువులో లెక్కలోకి వస్తుంది. ఆ దారి గురించి మీ హెచ్‌ఆర్ విభాగంలో ఇప్పుడే అడిగి ఉంచుకోండి. కానీ దాని మీదే ఆధారపడవద్దు, ఎందుకంటే మిమ్మల్ని ఏ షరతులతో, ఎంత ప్రీమియానికి తీసుకోవాలో బీమా కంపెనీ అప్పుడు నిర్ణయిస్తుంది. జీతం లేని నెలలో ఆ బేరం చేయడం కష్టం.

అందుకే మీ నలుగురికీ 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఒకే బీమా మొత్తాన్ని ఇంట్లో అందరూ పంచుకునే ఆరోగ్య పాలసీ, ఇప్పుడే తీసుకోండి. అత్తగారికి విడిగా మరో పాలసీ తీసుకోండి. ఫ్లోటర్‌లో ప్రీమియాన్ని అందరికన్నా పెద్దవారి వయసును బట్టి లెక్కిస్తారు కాబట్టి ఆవిడను కలిపితే మీ నలుగురి ఖర్చూ పెరుగుతుంది. మధుమేహం సంగతి దరఖాస్తులో దాచకండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు క్లెయిమ్ రాని వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు, అంతకుముందు 48 నెలలుండేది. ఆ గడియారం పాలసీ మొదలైన రోజు నుంచే తిరుగుతుంది, కాబట్టి కంపెనీ బీమా ఉన్న రోజుల్లోనే మొదలుపెడితే వేచి ఉండే కాలంలో కొంతైనా ఆ నీడన గడిచిపోతుంది. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించడానికి వీల్లేదు. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. వచ్చే ఏడాది ప్రీమియం డబ్బును కూడా ఇప్పుడే పక్కన పెట్టండి. ఏడాదికి ఒకసారి కట్టే పాలసీకి గడువు దాటాక 30 రోజుల వెసులుబాటు ఉంటుంది, నెలనెలా కట్టేదానికి 15 రోజులే.

ఉద్యోగం పోతే డబ్బిచ్చే బీమా గురించి చాలామంది అడుగుతున్నారు. మన దేశంలో అది ఎక్కువగా గృహరుణానికో తీవ్ర వ్యాధుల పాలసీకో అనుబంధంగా దొరుకుతుంది. సాధారణంగా మూడు నెలల వాయిదాలు కడుతుంది, అంతే. అసలు చిక్కు షరతుల్లో ఉంది. సంస్థ తనంతట తాను తొలగిస్తేనే క్లెయిమ్ వస్తుంది. రాజీనామా చేస్తే రాదు, పనితీరు బాగాలేదని పంపినా రాదు. మన హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో జరిగేది మీకు తెలుసు. గదిలోకి పిలిచి, 'మీరే రాజీనామా చేయండి, రికార్డు శుభ్రంగా ఉంటుంది' అంటారు. భవిష్యత్తుకు మంచిదని సంతకం పెడతారు. కాగితం మీద అది స్వచ్ఛంద రాజీనామా. నా దగ్గరకు వచ్చినవారిలో ఒకరికి సరిగ్గా ఇదే జరిగింది. రెండేళ్లు ప్రీమియం కట్టి, చివరకు ఆ సంతకం వల్ల ఒక్క వాయిదా కూడా రాలేదు. ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టినప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ ప్రీమియం డబ్బును మీరు డిపాజిట్‌లో కలుపుకోండి. ఒకవేళ సంతకం పెట్టమనే రోజు వస్తే, పరిహారం ఎన్ని నెలల జీతమో రాతపూర్వకంగా తీసుకున్నాకే పెట్టండి.

ఇక జీవిత బీమా. మీ ఇంటికి మీ జీతం ఏటా 15 లక్షలు తెస్తోంది. మీరు లేకపోతే ఇంట్లో చేతికి వచ్చేది 12 లక్షలు, గృహరుణమే 44 లక్షలు. మీకు 60 ఏళ్లు వచ్చేవరకు 1.5 కోట్ల టర్మ్ పాలసీ, అంటే ఆ గడువులో మరణిస్తేనే డబ్బిచ్చే, పొదుపు లేని పాలసీ కావాలి. ఇందులో తొందర ఎందుకంటే, టర్మ్ పాలసీ ఇచ్చేటప్పుడు బీమా కంపెనీ జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతుంది, ఆదాయాన్ని బట్టే ఎంత బీమా ఇవ్వాలో తేలుస్తుంది. ఉద్యోగం పోయాక అడిగితే ఇంత మొత్తం దొరకడం కష్టం. ఒకసారి తీసుకున్నాక ఉద్యోగం పోయినా, ప్రీమియం కడుతున్నంత కాలం పాలసీకి ఏమీ కాదు.

దీనికి డబ్బు ఎండోమెంట్ పాలసీల నుంచే రావాలి. రెండేళ్లలో గడువు తీరేది ఏదైనా ఉంటే దాన్ని కొనసాగించండి. ఈమధ్య తీసుకున్నవాటిని పెయిడప్‌గా మార్చుకోవచ్చు. అంటే ఇక ప్రీమియం కట్టనక్కర్లేదు, బీమా మొత్తం కట్టిన మేరకు తగ్గుతుంది. 20 ఏళ్లు కట్టవలసిన 5 లక్షల పాలసీకి 4 ఏళ్లు కట్టారనుకోండి, అది లక్ష రూపాయల పాలసీగా మిగులుతుంది, ఆ డబ్బు గడువు తీరాక వస్తుంది. వెంటనే నగదు కావాలంటేనే సరెండర్, అంటే గడువుకు ముందే పాలసీని వదులుకుని డబ్బు తీసుకోవడం, ఆలోచించండి. ఏం చేసినా టర్మ్ పాలసీ పత్రం మీ చేతికి వచ్చాకే చేయండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు.

మీవారికి కూడా 50 లక్షల టర్మ్ పాలసీ అవసరం. ఆయన దుకాణానికి సరుకు అప్పు మీద వస్తుంటే ఒక మాట. పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోమనండి. అప్పుడు ఆ డబ్బు మీకూ పిల్లలకూ చెందిన ట్రస్టు సొమ్ము అవుతుంది, అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయించలేరు. మాంద్యంలో వ్యాపారాలు దెబ్బతిన్న ఇళ్లలో ఇది ఎంత అవసరమో నేను చూశాను. పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టానికి సంబంధించిన పత్రం మీద సంతకం చేయాలి, తర్వాత కుదరదు. దుకాణంలో పనిచేసేవారు ఉంటే వారి బ్యాంకు ఖాతాల్లో ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా పెట్టించండి. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి.

సహకార బ్యాంకు గురించి భయపడకండి. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు ఉంది, మీ మొత్తం దాని లోపలే ఉంది. ఆ బ్యాంకు పేరు డిపాజిట్ బీమా పొందిన బ్యాంకుల జాబితాలో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

అత్తగారి చివరి రక్త పరీక్ష ఎప్పుడు చేయించారో రాయలేదు. ఆరోగ్య పాలసీ దరఖాస్తుకు అది అడుగుతారు. ఈ ఆదివారమే చేయించి, సోమవారం దరఖాస్తు పెట్టండి.