ఐదు కిలోమీటర్లకు ముందు పెద్దమ్మ ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. "మీ ఊళ్ళో జరిగే ఐదు కిలోమీటర్ల చందాల పరుగుకు పేరు ఇచ్చేశాను పెద్దమ్మా, ఇప్పుడు భయంగా ఉంది" అన్నావు నిన్న. పేరు ఇచ్చాక భయం వేయడమే నయం. ముందే వేసి ఉంటే ఇంట్లోనే కూర్చునేదానివి. ఫోనులో చెబితే సగం వింటావు, సగానికి "ఊ" కొడతావు. అందుకే రాస్తున్నాను.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. మొదటిసారి ఇలాంటి పరుగుకు వెళ్ళినప్పుడు నాకు యాభై రెండేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బ్యాంకు కుర్చీకి అలవాటు పడిన ఒళ్ళు. అయినా రోజూ బీచ్ రోడ్డులో గంటసేపు నడుస్తున్నాను కదా, ఐదు కిలోమీటర్లు ఒక లెక్కా అనుకున్నాను. కాళీమాత గుడి దగ్గర డప్పులు, చుట్టూ కాలేజీ పిల్లల కేకలు. జెండా ఊపగానే వాళ్ళతోపాటు నేనూ ఉరికాను. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. గుడి నుంచి అది ఎంత దూరమని! పిట్టగోడ మీద కూలబడ్డాను. అక్కడ రోడ్డు ఊడుస్తున్న ఆవిడ చీపురు ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "నడిచి వెళ్ళినా ఆ మెడలో వేసే బిళ్ళ ఇస్తారట కదమ్మా" అంది. పద్నాలుగేళ్ళయింది. అంతకన్నా మంచి కోచ్ నాకు ఇంతవరకు దొరకలేదు.

నేను చెప్పదలచుకున్నదీ అదే. నెమ్మదిగా వెళ్ళు. ఎంత నెమ్మది అంటావా? పరుగెత్తుతూనే పక్కనున్న మనిషికి రాత్రి ఏ కూర వండావో, అందులో ఉప్పు ఎందుకు ఎక్కువైందో ఆగకుండా చెప్పగలగాలి. "వంకాయ..." అని ఊపిరి కోసం ఆగావంటే వేగం ఎక్కువైనట్టే. మొదటి కిలోమీటరులో "ఇంత మెల్లగానా" అని నీకే సిగ్గు వేయాలి. ఆ సిగ్గును ఓర్చుకున్నవాళ్ళే చివరి కిలోమీటరు నవ్వుతూ వస్తారు.

ఇంకా ఆరు వారాలుంది. వారానికి మూడు రోజులు చాలు, రోజు విడిచి రోజు. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా అరగంట. తర్వాత వారం వారం పరుగు కాస్త పెంచు, నడక కాస్త తగ్గించు. అయిదో వారానికి నాలుగైదు నిమిషాలు పరుగెత్తి ఒక నిమిషం నడిచే స్థాయికి వస్తే అదే ఎక్కువ. పరుగు రోజున కూడా ఆ నడకలు మానకు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. సంక్రాంతికి మూడు రోజులు మానేస్తావని నాకు తెలుసు, మానెయ్యి. ఆ బాకీని తర్వాతి వారంలో ఒక్కసారే తీర్చాలని మాత్రం చూడకు. ఊపిరి త్వరగానే దారికి వస్తుంది, ఎముకలూ కీళ్ళూ అంత త్వరగా రావు. రెండు పిక్కలూ బరువుగా లాగుతుంటే అది మామూలే. ఒక్క కాలిలో, వేలు పెట్టి చూపించగలిగే ఒక్కచోట పోటు వస్తే ఆగిపో. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించు.

డాక్టరంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు నీకు ఆయాసం ఉండేది. "ఎప్పుడో తగ్గిపోయింది" అంటావు, అయినా ఈ వారమే ఒకసారి చూపించుకో. ఇన్‌హేలర్ దగ్గర ఉంచుకోమంటే జిప్పు ఉన్న జేబులో పెట్టుకో. దారిలో గుండె పట్టేసినట్టున్నా, తల తిరిగినా పక్కకు వచ్చి కూర్చుని వాలంటీరును పిలువు.

నువ్వు అక్కడ హైదరాబాదులో కేబీఆర్ పార్కు దగ్గర సాధన చేస్తానన్నావు, మంచిదే. ఆ ఎత్తుపల్లాలు కాళ్ళకు పని చెబుతాయి. కానీ హైదరాబాదు గాలి వేరు, మా గాలి వేరు. ఇక్కడ జనవరిలో కూడా చెమట కారుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది. అందుకని అక్కడి వేగాన్ని ఇక్కడికి తీసుకురాకు. ఇక్కడ బీచ్ రోడ్డులో గుడి నుంచి మా పార్కు వైపు వెళ్ళేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది, బాగానే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పటికి ఎండ ఎక్కుతుంది. టోపీ మరిచిపోకు.

బూట్లు సాయంత్రంపూట కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు చేతి బొటనవేలంత ఖాళీ ఉండాలి. లేకపోతే గోరు నల్లబడి ఊడుతుంది, నాకు ఊడింది. ఇంకొక సంగతి మగవాళ్ళు ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. బూట్లకన్నా ముందు మంచి స్పోర్ట్స్ బ్రా కొను. దుకాణంలో వేసుకుని పదిసార్లు ఎగిరి చూడు, ఎవరేమనుకుంటే నీకేం? చంకల దగ్గరా, తొడల మధ్యా కొబ్బరినూనె రాసుకో, ఒరుసుకుని మండదు. వాళ్ళిచ్చే టీషర్టు శనివారం పెదనాన్న తెచ్చిపెడతారు. నేను ఉతికి ఆరేస్తాను. కుట్లు గుచ్చుకుంటే లోపల నీ పాతది వేసుకో. ఆ రోజు ఒంటిమీద కొత్తది ఏదీ ఉండకూడదు.

ఇక డబ్బు సంగతి. క్యాన్సర్ వచ్చిన పిల్లల చికిత్స కోసం పరుగు అన్నావు. చందా అడగడానికి మొహమాటంగా ఉందని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాను కాబట్టి చాలు కదా అనీ అన్నావు. చాలదు బుజ్జీ. ఆ ఫీజులో చాలావరకు టీషర్టుకూ, మెడల్‌కూ, నీళ్ళకూ, షామియానాలకే పోతుంది. అందులో పిల్లలకు చేరేది ఎంతో నిర్వాహకులను అడుగు. అడిగితే తప్పు పట్టేవాళ్ళకు నేనైతే డబ్బు ఇవ్వను. నువ్వు పదిమందిని అడిగి తెచ్చేదే అసలు దానం.

అడగడం ఎలాగో టెర్రీ ఫాక్స్ దగ్గర నేర్చుకో. కెనడా కుర్రవాడు, ఎముక క్యాన్సర్‌తో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఒక కొస నుంచి బయలుదేరి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వచ్చాడు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. మరుసటి ఏడు జూన్‌లో పోయాడు, ఇరవై రెండేళ్ళకే. అతను అడిగింది మనిషికి ఒక్క డాలర్. అప్పటి కెనడా జనాభా సుమారు 2 కోట్ల 40 లక్షలు. 1981 ఫిబ్రవరికల్లా అంత సొమ్మూ చేరింది. అతని పేరుతో ఏటా జరిగే పరుగులో గెలిచినవాళ్ళు ఉండరు, టైము కట్టరు.

కాబట్టి నువ్వు కూడా ఒక్కరిని పదివేలు అడగకు, వందమందిని వంద చొప్పున అడుగు. గ్రూపులో ఒక మెసేజ్ పడేసి ఊరుకుంటే ఎవరూ ఇవ్వరు. పేరు పెట్టి ఒక్కొక్కరికీ విడిగా రాయి. "ఆరు నెలల క్రితం మెట్లెక్కలేకపోయేదాన్ని, ఇప్పుడు ఐదు కిలోమీటర్లు వెళ్తున్నాను" అని నీ సంగతి నువ్వు చెప్పుకో. డబ్బు నీ ఖాతాలో వేయించుకోకు, నేరుగా సంస్థ ఖాతాకే పంపమను. పన్ను మినహాయింపు రసీదు కావాలనేవాళ్ళు పాన్ నంబరు ఇవ్వాలి, రెండు వేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే రాదు, ముందే చెప్పు. తర్వాత నిష్ఠూరాలు ఉండవు.

శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆదివారం తెల్లవారి దిగి పరుగెత్తుతానన్నావు చూడు, అది వద్దు. శుక్రవారమే ఎక్కు. శనివారం పగలు పడుకో. రాత్రి బిర్యానీ, గోంగూర అడిగినా నేను పెట్టను. ఆరున్నరకు పరుగు కాబట్టి అయిదుకు రెండు ఇడ్లీలు, నీ అలవాటు ప్రకారం కాఫీ. నీళ్ళు గుక్క గుక్కగా తాగు, కడుపు నింపుకోకు.

అక్కడ వెనక వరుసలో నిలబడదాం. ముందు నిలబడితే నెట్టేస్తారు, నువ్వూ రెచ్చిపోతావు. నడవాలనిపించినప్పుడు చెయ్యెత్తి, వెనక్కి చూసి, ఎడమ పక్కకు తప్పుకో. నీళ్ళ కప్పు డబ్బాలోనే వెయ్యి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టే రోజులవి, గాలికి ఎగిరిన ప్రతి కప్పూ ఇసుకలోకే పోతుంది. సబ్‌మెరైన్ దగ్గర నేను కూర్చున్న పిట్టగోడ చూపిస్తాను.

స్టేషనుకు పెదనాన్న వస్తారు. నంబరు చీటీకి నాలుగు మూలలా పెట్టాల్సిన పిన్నీసులు నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి, కొనకు.

మీ పెద్దమ్మ