‘లైన్ పోయింది’ని ఇంగ్లీషులో ఏమనాలి?

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కరెంటు పోతే మేం ‘లైన్ పోయింది’ అంటాం, పక్కింటివాళ్లు ‘లైన్ కటిగలా’ అంటారు. మొన్న మా అమ్మాయి ఫోన్ ఇంటర్వ్యూలో ‘నో లైన్ సిన్స్ మార్నింగ్, సర్’ అందట, అవతలాయన ఒకటే నవ్వట. లైన్ ఇంగ్లీషు మాటే కదండీ, తప్పెక్కడ?

జవాబు: మాట ఇంగ్లీషుదే అమ్మా, వాడుక మనది. కరెంటు మోసుకొచ్చే తీగని వాళ్లు పవర్ లైన్ అంటారు గానీ, అందులో వచ్చేదాన్ని లైన్ అనరు. నీళ్లు రాకపోతే మనం ‘కుళాయి రాలేదు’ అంటామే, అలాంటిదే. ‘పవర్ కట్’ అంటే సరిపోయేది. పైగా ఫోన్లో ‘నో లైన్’ అంటే ఫోన్ లైన్ అనుకుంటారు, లైనే లేకపోతే ఈ పిల్ల ఎలా మాట్లాడుతోందని నవ్వొచ్చి ఉంటుంది, అంతే, అమ్మాయిని ఏమీ అనకండి.

ఈ మాట పుట్టుక పట్టు నేసే మీ ఊరికి బాగా నప్పుతుంది. లాటిన్‌లో లీనుమ్ అంటే అవిసె, లీనియా అంటే ఆ నారతో పేనిన దారం. లినెన్ బట్టా, జాకెట్టుకి లోపల వేయించే లైనింగూ అక్కడివే. దారం సంగతి గుర్తుంటే మిగతా అర్థాలు వాటంతటవే వస్తాయి: గోపాలపూర్‌లో మనవాళ్లు గేలానికి కట్టేది లైన్, గోడ వంకర పోకుండా మేస్త్రి లాగి కట్టేది లైన్, పెరట్లో బట్టలారేసే తాడూ లైనే. దారాన్ని బిగించి పట్టుకుంటే గీత, అందుకే కాగితం మీద గీతా, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరిని అటూ ఇచ్ఛాపురాన్ని ఇటూ చేసిన సరిహద్దూ కూడా ఆ మాటే. రేషన్ షాపు ముందు మనం కట్టేదాన్ని అమెరికావాళ్లు లైన్ అంటారు, బ్రిటన్‌వాళ్లు క్యూ అంటారు (క్యూ అంటే ఫ్రెంచిలో తోక, నెల మొదట్లో చూస్తే తోకే).

‘లైన్ క్లియర్’ మాత్రం అచ్చమైన రైల్వే మాట. పట్టాలు ఖాళీగా ఉన్నాయి, బండి పంపించు అని ముందు స్టేషన్ నుంచి వచ్చే అనుమతి అది. పెళ్లికి పెద్దలు ఒప్పుకున్నా లైన్ క్లియరే! ఇక కుర్రాళ్ల ‘లైన్ వేయడం’ ఉంది, దాన్ని మాటకి మాట ఇంగ్లీషులో పెట్టకండి, ఎవరికీ అర్థం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీ ఫీజుకి డెడ్‌లైన్ అని మెసేజ్ వచ్చింది. గడువుకి ఆ చావు మాటెందుకు? (పర్లాకిమిడి నుంచి)

జవాబు: నిజంగా చావు ఉండేది కాబట్టి. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ సైనిక జైల్లో గోడకి కాస్త లోపలగా చిన్న కర్రల కంచె కట్టారు, అది దాటిన ఖైదీని కాపలావాళ్లు అక్కడికక్కడే కాల్చేసేవాళ్లు. దాని పేరు డెడ్‌లైన్. 20వ శతాబ్దంలో ఆ మాట అమెరికా పత్రికాఫీసుల్లో వార్త ఇవ్వాల్సిన గడువుకి అతుక్కుంది, అక్కణ్ణించి మీ ఫోన్‌లోకి వచ్చింది. ఇప్పుడు దాటితే ఫైన్ కట్టించుకుని వదిలేస్తారు లెండి.