బంచ్‌లో తొక్కాలంటే భయం పోవడం ఎలా?

తమ్మీ, ఒక్కడివే తొక్కితే ములుగు రోడ్డు మీద ఎవరికీ అందవు, రేసులో చుట్టూ సైకిళ్లు చేరేసరికి మాత్రం టెన్షన్ పడి బంచ్ (సైకిళ్ల గుంపు) చివరికి జారిపోతున్నావు, ఏం చెయ్యాలి అని కదా అడిగింది. ముందు ఆ చివరి చోటు వదిలెయ్. ముందున్నవాళ్లు బ్రేక్ కాస్త తాకితే చాలు, ఆ తగ్గుదల వెనక్కి వచ్చేకొద్దీ పెరుగుతూ పోతుంది, చివరోడు గట్టిగా బ్రేక్ కొట్టి మళ్లీ లేచి తరమాల్సి వస్తుంది. ముందువాడి వెనక గాలి చాటున ఉంటే దాదాపు మూడో వంతు శ్రమ ఆదా అవుతుంది కానీ, చివర ఉంటే ఆ ఆదా అయిందంతా ఈ తరమడానికే పోతుంది.

రెండోది, చూపు. ముందువాడి చక్రాన్నే చూస్తూ తొక్కొద్దు. వాడి భుజాల మీదుగా రెండు మూడు సైకిళ్ల అవతలికి చూడు, చక్రం ఎలాగూ కంటి కొసకు కనిపిస్తూనే ఉంటుంది. మన దగ్గర వరికోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పెడతారు కదా, నేను ముందుంటే చెయ్యి వెనక్కి ఊపుతూ "వడ్లు, వడ్లు" అని అరుస్తాను, ఆ అరుపును ఒకరి తర్వాత ఒకరు చివరిదాకా అందుకోవాల్సిందే. గింజల మీద సన్న టైరు నిలవదు, అక్కడ బ్రేక్ పట్టావంటే పడ్డట్టే. దూరం నుంచే మెల్లగా పక్కకు రావాలి.

నీ ముందు చక్రాన్ని ముందువాడి వెనక చక్రం పక్కకు పోనివ్వకు. రెండూ తాకితే పడేది సాధారణంగా వెనకోడే, ఎందుకంటే హ్యాండిల్ తిప్పేది ముందు చక్రాన్ని. దగ్గరైపోతున్నావనిపిస్తే తొక్కడం తగ్గించు, ఛాతీ పైకెత్తి గాలికి ఎదురివ్వు, అప్పటికీ సరిపోకపోతేనే బ్రేక్ మెల్లగా. సీటు మీద నుంచి లేచేటప్పుడు సైకిల్ ఒక్క క్షణం వెనక్కి వస్తుంది, అందుకే ఒక గేరు బరువు పెంచి, పెడల్ నొక్కుతూనే లేవాలి. చాలామందికి ఇది ఎవరూ చెప్పరు, వెనకోడి ప్రాణం మీదికొస్తుంది.

భయం పోయేది మాత్రం గడ్డి మీదే. దోస్తునొకణ్ని తీసుకొని గడ్డి ఉన్న గ్రౌండ్‌కి పో, హెల్మెట్ పెట్టుకొని నడక వేగంతో పక్కపక్కనే తొక్కుతూ మోచేతులు, భుజాలు ఆనించుకోండి. తర్వాత నీ ముందు చక్రంతో వాడి వెనక చక్రాన్ని మెత్తగా తాకించు. తాకగానే హ్యాండిల్‌ని విదిలించి లాగాలనిపిస్తుంది చూడు, పడేసేది అదే. మోచేతులు వంచి, పట్టు వదులుగా ఉంచి, చూపు ముందుకే పెడితే చాలాసార్లు సైకిల్ తనంతట తనే సర్దుకుంటుంది. ఒంటికి ఇది అలవాటయ్యేదాకా రేసుకి పేరు ఇవ్వకు.

క్లిప్-ఆన్ ఏరోబార్లు (ముంజేతులు ఆనించి వంగి తొక్కేందుకు హ్యాండిల్‌కి తగిలించే కడ్డీలు) ఉంటే తీసెయ్, యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) రూల్ ప్రకారం గుంపు రేసుల్లో వాటికి అనుమతి లేదు. హైవే మీద ప్రాక్టీసైతే ఇద్దరికి మించి పక్కపక్కన వద్దు, లారీ వస్తే ఒకే వరస. ఫినిష్ స్ప్రింట్‌లో బలం అయిపోతే తొక్కడం ఒక్కసారిగా ఆపొద్దు, తల దించొద్దు, నీ లైన్‌లోనే నేరుగా పోతూ ఉండు, వెనకవాళ్లు నిన్ను చూసి దాటిపోతారు.